ఎవరు విన్నారు

జనవరి 5, ఆదివారం

రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఐటీఐ వదిలాక సంతకం తప్ప ఇంత రాసింది లేదు.

పిల్లలకి మాటలు నేర్పే లక్ష్మీప్రసన్న మేడమ్ ఇచ్చిన షీట్ వేరే ఉంది. అందులో మూడు గడులు. ఏ శబ్దం, ఎన్నిసార్లు, ఎవరు విన్నారు. అది ఆమెకి చూపించాలి. ఈ పుస్తకం మాత్రం ఎవరికీ చూపించేది కాదు. నిరుడు బేరింగుల సప్లయర్ పంచిన డైరీ. తేదీలూ వారాలూ కలవవు, కొట్టేసి పైన రాసుకుంటున్నాను.

నా కొడుకు రిత్విక్‌కి నాలుగేళ్ళ నాలుగు నెలలు. మాటలు రాలేదు. ఆ అంటాడు, మ్ అంటాడు, కావలసినదాని దగ్గరికి చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడు. తెలివి లేక కాదు. చెప్పులు తెమ్మంటే తెచ్చి, కుడిది ఎడమవైపు పెట్టి, నేను తొడుక్కుని తికమకపడితే పడీ పడీ నవ్వుతాడు. చెవులు కూడా మంచివే. సంగారెడ్డిలో నిద్రపుచ్చి తలకి వైర్లు అంటించి టెస్ట్ చేశారు. నార్మల్.

పేరు పెట్టింది నా భార్య జ్యోతి. మేడమ్ ఆ పేరు విని నవ్వింది. ఇంత కష్టమైన పేరు ఎవరు పెట్టారండీ, పెద్దవాళ్ళ నాలుకే రెండుసార్లు మలుపు తిరగాలి అంది. నిజమే, మా అమ్మకే తిరగదు. రుతిగాడు అంటుంది. జ్యోతి దారంతా మొహం మాడ్చుకుంది.

రోజూ గంటసేపు వాడితో కూర్చుని పలికించే పని నాది. జ్యోతి మందుల కంపెనీలో ప్యాకింగ్ లైన్, వచ్చేసరికి ఏడవుతుంది. నాది మొదటి షిఫ్టు. పొద్దున ఆరుకి ఎక్కితే మూడింటికల్లా ఇస్నాపూర్‌లో ఇంట్లో ఉంటాను.

అందరూ వాడికి మాటలు రావాలంటున్నారు. నాకన్ని అక్కర్లేదు. వాడు నన్ను పిలవాలి, నేను వినాలి. అదొక్కటి చాలు.

జనవరి 9, గురువారం

మేడమ్ క్లినిక్ బీరంగూడలో, టైల్స్ షాపు పైన. వాళ్ళది గుడివాడ వైపు. వాళ్ళ నాన్న ఇక్కడ ప్లాంటులో ఉద్యోగానికొచ్చి స్థిరపడ్డాడట. అరగంట కూర్చోబెట్టి చెప్పింది. ఏం చెప్పాలో వీడికి తెలుసండీ, ఆ చెప్పాలన్నది దవడకీ పెదాలకీ నాలుకకీ సరైన వరసలో అందడం లేదు అంది.

ఏ పిల్లలకైనా ముందు దవడ కుదురుతుందట. పైకీ కిందికీ. అందుకే మొదట బాబా, మామా అంటారు. తర్వాత పెదాలు. నాలుక చివర్న. చిన్నపిల్ల ఒకే మాట పదిసార్లు అంటే నోరు పదిరకాలుగా కదులుతుందట, అనగా అనగా ఒక దారి పడుతుందట. పద్నాలుగు, పదహారేళ్ళ దాకా కూడా అది సన్నగా సర్దుకుంటూనే ఉంటుందట.

ఇది నాకు వెంటనే ఎక్కింది. నేను ఫ్యాక్టరీ ప్రెస్ షాపులో డై సెట్టర్‌ని, ఇనప రేకుని నొక్కి ఆకారం తెచ్చే అచ్చులు బిగించేవాణ్ని. కొత్త డై ఎక్కించాక ప్రెస్సుని ఒక్కసారే దింపం. బటన్ నొక్కుతూ ఇంచి ఇంచి దింపుతాం. పైదీ కిందిదీ కలిశాయో లేదో చూస్తాం, సర్దుతాం, మళ్ళీ దింపుతాం. మేడమ్‌కి ఇదే చెప్తే, సరిగ్గా అదేనండీ, మా క్లాసులో కూడా ఇంత బాగా చెప్పలేదు అంది. దిగులు పోయి కొంచెం గర్వంగా అనిపించింది.

వీడు మిమ్మల్ని ఏమని పిలవాలి అని అడిగింది. డాడీ అన్నాను. డ అంటే నాలుక కావాలి, ఇప్పుడే వద్దు, పెదాలతో అయ్యేది ఏదైనా ఉందా అంది. మా నాయినని నేను బాపు అనేవాణ్ని. ఇప్పుడెవరూ అనడం లేదు. బాపు అన్నాను. మేడమ్ చప్పట్లు కొట్టింది.

రోజూ వందసార్లు.

జనవరి 18, శనివారం

మా అమ్మ దేవమ్మకి మేడమ్ మీద నమ్మకం లేదు. పుట్టినప్పుడు వస కొమ్ము అరగదీసి నాలుకకు రాస్తే గిట్ల అయితుండెనా అని జ్యోతిని రెండేళ్ళ నుంచీ పొడుస్తోంది. ఆస్పత్రిలో వద్దన్నారని జ్యోతి నాకించనివ్వలేదు. ఇవాళ ఇద్దరికీ మళ్ళీ జరిగింది.

ఇక ఆగలేక అమ్మ కోరిక తీర్చాను. వాణ్ని హనుమాన్ గుడికి తీసుకెళ్ళి, పూజారి చేతిగంట తిరగేసి అందులో నీళ్ళు పోసి తాగించాం. అట్లా తాగితే మాటలొస్తాయని అమ్మ నమ్మకం. తాగే ముందు నేనే ఆ గంట కొట్టాను. వాడు చెవులు మూసుకున్నాడు. పూజారి కూడా చాలు చాలన్నట్టు చెయ్యి ఊపాడు. నాకైతే పెద్ద సప్పుడేమీ అనిపించలేదు. చిన్న గంట.

జనవరి 27, సోమవారం

ఇవాళ ఏమీ లేదు.

ఫిబ్రవరి 8, శనివారం

మేడమ్ వాళ్ళ నాన్నకి ఆపరేషన్. మార్చి మూడో వారం దాకా ఆమె రాదు. ఇంట్లో మానొద్దు, షీట్ ఫోటో తీసి వాట్సాప్ చేయండి అంది. కొవ్వొత్తి ఊదించడం, స్ట్రాతో తాగించడం లాంటివి ఎవరైనా చెబితే వినొద్దండీ, మాట మాట్లాడితేనే వస్తుంది అని రెండుసార్లు చెప్పింది. అమ్మ కొనిచ్చిన ఊదే పీక దాచేశాను.

ఫిబ్రవరి 11, మంగళవారం, సాయంత్రం 4.40

అన్నాడు.

బాపు అన్నాడు. నా ఎదురుగా పీట మీద కూర్చుని, నా నోరే చూస్తూ, బా, తర్వాత పు. పెదాలు రెండుసార్లు కలిసి విడిపోయాయి, ఎంత నీటుగా! మళ్ళీ అనమంటే మళ్ళీ అన్నాడు. బిస్కెట్ ఇచ్చాను. ఇంకోసారి అన్నాడు. ఇంకో బిస్కెట్. పాకెట్ అయిపోయింది.

షీట్ మీద రాశాను. శబ్దం: బాపు. ఎన్నిసార్లు: 14. ఎవరు విన్నారు: నేను.

తొందరలో అక్షరాలు వంకర పోయాయి. పోనీ.

ఫిబ్రవరి 12, బుధవారం

షాపులో లడ్డూలు పంచాను. హరినాథ్ నా ప్రెస్సు ఆపరేటర్, పన్నెండేళ్ళ స్నేహం. దావత్ ఎప్పుడే అన్నాడు.

అన్నాడంటే, పెదాలతో. మా షాపులో గొంతు పెట్టి ఎవరూ మాట్లాడరు. పెట్టినా ఆ ప్రెస్సుల స్ట్రోకుల సప్పుడులో కలిసిపోతుంది. ఎదురుగా నిలబడి నోరు పెద్దగా తెరిచి, సప్పుడు లేకుండా చెప్పుకుంటాం. చాయ్ అయితే బొటనవేలు, సూపర్‌వైజర్ వస్తుంటే కాలర్ పట్టుకోవడం. కొత్తగా వచ్చిన బిహార్ పిల్లలు కూడా నెలలో నేర్చేసుకుంటారు. హరినాథ్ గొంతు నేను మొదట విన్నది వాళ్ళ చెల్లెలి పెళ్ళిలో. అంత పెద్ద మనిషికి అంత సన్నని గొంతా అని నవ్వొచ్చింది.

ఫిబ్రవరి 16, ఆదివారం

జ్యోతి ఏడ్చింది. వాడు ఆమెతో అనడం లేదు. పొద్దంతా ఎదురుగా కూర్చుని బతిమాలింది. వాడు నోరు కదుపుతున్నడు గని సప్పుడు వస్తలేదు అంటుంది. ఓపిక పట్టు, నాకు నెల పట్టింది అన్నాను. నీకొక్కనికే చెప్తడు లే, నేను పొద్దస్తమానం కంపెనీల సస్తున్న గదా, నన్నెందుకు లెక్కజేస్తడు అంది. నిజం చెప్పాలంటే లోలోపల కొంచెం సంతోషమే అయింది. సిగ్గులేని సంతోషం.

ఫిబ్రవరి 20, గురువారం

జ్యోతి కోసం వీడియో తీశాను. వాడు ఎనిమిదిసార్లు బాపు అన్నాడు. రాత్రి భోజనాల ముందు చూపించాను. ఇందుల సప్పుడే లేదు అంది. ఫ్యాను సప్పుడు తప్ప ఇంకేం లేదు అంది. ఫోను మైకులో దుమ్ము పేరుకుందన్నాను. షాపు గాలి అంతా ఇనపపొడి, ఫోను పాడవక ఏమవుతుంది.

మేడమ్ మెసేజ్ పెట్టింది. చాలా సంతోషం సర్, మీరు కాక ఇంట్లో ఇంకెవరైనా విన్నారా అని.

మూడో గడిలో జ్యోతి పేరు కూడా రాసి ఫోటో పంపాను.

ఫిబ్రవరి 22, శనివారం

ఫోను రిపేరు కుర్రాడు మైకు బాగానే ఉందన్నాడు. వాడికేం తెలుసు.

మార్చి 6, గురువారం

కంపెనీ వార్షిక మెడికల్. వ్యాన్ వచ్చింది. బరువు, కళ్ళు, రక్తం. చెవుల టెస్ట్ చిన్న గదిలాంటి పెట్టెలో. హెడ్‌ఫోన్ పెడతారు, కూత వినబడగానే బటన్ నొక్కాలి. డై సెట్టర్లందరికీ చెవి కొంచెం తగ్గుతుంది, అందులో వింతేముంది. కానీ పేపర్ మీదికి ఎక్కితే ప్రెస్సు నుంచి తీసేస్తారు. అందుకని పాతవాళ్ళందరికీ ఒక కిటుకు తెలుసు. పెట్టెకి అద్దం ఉంటుంది. అద్దంలోంచి టెక్నీషియన్ మోచెయ్యి కనిపిస్తుంది. అతను మీట నొక్కినప్పుడు మోచెయ్యి కొంచెం లేస్తుంది. మనం బటన్ నొక్కాలి.

పాస్. నాలుగోసారి.

మార్చి 22, శనివారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

మేడమ్ తిరిగొచ్చింది. ముగ్గురం వెళ్ళాం. నేనైతే కొత్త చొక్కా వేసుకున్నాను. మేడమ్ వాణ్ని చిన్న కుర్చీలో కూర్చోబెట్టి, బాపు ఏరి అంది. వాడు నా వైపు తిరిగి అన్నాడు. బా. పు. నేను చప్పట్లు కొట్టాను.

నేనొక్కణ్నే కొట్టాను. మేడమ్ జ్యోతిని చూసింది, జ్యోతి నన్ను చూసింది. మేడమ్ మళ్ళీ అనిపించింది, వాడి గొంతు మీద రెండు వేళ్ళు పెట్టి. మళ్ళీ అన్నాడు. ఆమె వేళ్ళు తియ్యలేదు. ఇంట్లో ఎలా పలికిస్తారో ఒకసారి చేసి చూపించండి సర్ అంది. నేను వాడికి ఎదురుగా కింద కూర్చుని, నోరు బాగా తెరిచి, బాపు అని చెప్పాను. వాడు తిరిగి చెప్పాడు. నేను చెప్పాను. వాడు చెప్పాడు. తలెత్తి చూస్తే జ్యోతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది.

మేడమ్ నా ముందుకొచ్చి, మెల్లగా, నోరు బాగా కనబడేలా చెప్పింది. అట్లా ఎందుకు చెప్పిందో అప్పుడు తెలియలేదు. మీరు కూడా గొంతు లేకుండానే చెబుతున్నారండీ అంది.

తర్వాత నన్ను గోడవైపు తిరిగి కూర్చోమంది. ఎవరైనా పిలిస్తే చెయ్యెత్తమంది. గోడ మీద పండ్ల బొమ్మల చార్ట్. అందులో ఎవరి మోచెయ్యీ కనబడదు. మామిడిపండును చూస్తూ కూర్చున్నాను. చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదనుకున్నాను. ఊరికే ఉంటే బాగుండదని మూడుసార్లు చెయ్యెత్తాను. తిరిగి చూసేసరికి తలుపు తెరిచి ఉంది. పక్క గదివాళ్ళు ఏమైందోనని తొంగిచూస్తున్నారు. మేడమ్ నా పేరు ఐదుసార్లు పిలిచిందట. ఐదోసారి అరిచిందట. నేను చెయ్యెత్తిన మూడుసార్లూ గదిలో ఎవరూ నోరు విప్పలేదట. ఇదంతా ఇంటికొచ్చాక జ్యోతి చెప్పింది, నా ఎదురుగా నిలబడి, నోరు పెద్దగా తెరిచి.

వాడికి పెదాలు కదపడం ఒక పని, అదే సమయానికి గొంతు కలపడం ఇంకో పని, రెండూ కలపడమే వాడి కష్టం, గొంతు లేకపోయినా పని జరుగుతోంది కనక దాన్ని వదిలేశాడు అంది మేడమ్. వాడి దృష్టిలో మాటంటే ఇదే. మీ తప్పు కాదండీ అని కూడా అంది. చెంప మీద కొట్టినా బాగుండేది.

అమ్మని అడిగాను, నువ్వు రోజూ చూస్తున్నావు కదా, ఎందుకు చెప్పలేదని. మీరిద్దరు నోళ్ళు తెరుసుకుంట మూసుకుంట కూసుంటే, గా మేడమే గట్ల నేర్పమన్నదేమో అనుకున్న బిడ్డా, సదువుకున్నోళ్ళ వైద్యం నాకేం ఎరుక అంది.

వాడు అన్నాడనుకున్న రోజు నుంచీ నలభై రోజులు. రోజుకి వందసార్లు. నాలుగువేల సార్లు, షాపులో మాట్లాడినట్టే మాట్లాడి, నా కొడుక్కి మౌనంగా ఉండడం నేర్పించాను.

మార్చి 23, ఆదివారం

జ్యోతి నాతో మాట్లాడలేదు. మాట్లాడిందేమో. నేనటు తిరిగి లేను.

మార్చి 26, బుధవారం

ఈ పుస్తకం ఎవరూ చూడరని రాసి, ఇందులో కూడా అబద్ధాలు రాశాను. ఇవాళ నిజం రాస్తాను.

మూడేళ్ళ నుంచీ తెలుసు. మొదట షిఫ్టు దిగాక చెవులు మూసుకుపోయేవి, ఆదివారం సాయంత్రానికి తెరుచుకునేవి. తర్వాత ఆదివారాలు కూడా తెరుచుకోలేదు. హోరు మాత్రం ఉంటుంది. జ్యోతి వంటింట్లోంచి పిలిస్తే పలకను, కోపమనుకుంటుంది, అనుకోనిచ్చాను. కోపిష్టి అనిపించుకోవడం చెవిటివాడనిపించుకోవడం కంటే నయమనిపించింది. ఫిబ్రవరి పదకొండున నేను విన్నానని రాశాను. వినలేదు. చూశాను. చూడడానికీ వినడానికీ తేడా నాకు ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. జ్యోతి పేరు రాసినప్పుడు మాత్రం తెలుసు. అది తెలిసే రాశాను.

ఇవాళ చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అద్దం లేని గది. కాగితం మీద గీత ఎడమ నుంచి కుడికి దిగిపోయింది. చెవి లోపలి సన్నటి వెంట్రుకలు చచ్చాయి, మళ్ళీ మొలవవు అన్నాడు. మిషన్ పెడితే సప్పుడు పెరుగుతుంది, మాట తేటపడదు అన్నాడు. ఇయర్ ప్లగ్స్ ఇవ్వలేదా అని అడిగాడు. ఇచ్చారు. నేనే తీసేసేవాణ్ని. ప్లగ్ పెట్టుకుంటే డై వినబడదు. డైలో పగులు వస్తే స్ట్రోకు సప్పుడు మారుతుంది. అది వినని సెట్టర్ కింద ఆపరేటర్ చెయ్యి పోతుంది. పదిహేడేళ్ళలో నా సెట్టింగ్ మీద ఒక్కడి వేలు కూడా పోలేదు. అది చెప్పుకుని ఛాతీ విరుచుకుని తిరిగాను.

మూడేళ్ళ నుంచి డై కూడా వినడం లేదు. ప్రెస్సు ఒంటి మీద అరచెయ్యి పెట్టి, లోపల అదురు ఎట్లా ఉందో చూసి పని నడిపిస్తున్నాను. ఇప్పటిదాకా తప్పు పోలేదు. ఆ డై కింద హరినాథ్ చేతులుంటాయి.

ఏప్రిల్ 1, మంగళవారం

రిపోర్టు హెచ్ఆర్‌లో ఇచ్చేశాను. హరినాథ్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. తర్వాత తన పది వేళ్ళూ విప్పి నా ముందు పెట్టి చూపించి, వెళ్ళిపోయాడు. తిట్టాడో థాంక్స్ చెప్పాడో అర్థం కాలేదు.

స్టోర్స్‌కి మార్చారు. బోల్టులు, గ్రీజు, చేతి తొడుగులు. అక్కడ చాలా నిశ్శబ్దమట.

ఏప్రిల్ 11, శుక్రవారం

మేడమ్ కొత్త పద్ధతి పెట్టింది. ఇక పలికించేది మా అమ్మ. మేడమ్ అమ్మని క్లినిక్‌లో కూర్చోబెట్టి వారంపాటు నేర్పింది. పళ్ళు లేని ముసల్దాన్ని, నన్ను సూసి గా పోరడు ఏం నేర్సుకుంటడు అని అమ్మ గొణిగింది. పెదాలున్నాయి కదండీ, అవే కావాలి అంది మేడమ్. అమ్మ ఆ రోజు నుంచీ మేడమ్ పార్టీ. వస మాట ఎత్తడం మానేసింది.

నాకూ ఒక పని ఇచ్చింది. గొంతు కలిపే దాకా వాడు ఉత్త పెదాలతో అడిగితే ఎవరూ పలకకూడదు. ముఖ్యంగా నేను. వాడి పెదాలు కనబడితే నేను ఆగలేను, కాబట్టి ఆ గంటసేపు వాడికి వీపు పెట్టి కూర్చోవాలి.

నాకు వాడి మాట తెలిసేది ఆ పెదాల వల్లే. వాటినే చూడొద్దట. ఆమె చెప్పింది న్యాయమే. కానీ బండి మీద ఇంటికొచ్చేటప్పుడు ముత్తంగి దగ్గర పక్కకి ఆపి ఏడ్చాను. లారీలు పోతున్నాయి, ఎవరూ చూడలేదు.

ఏప్రిల్ 19, శనివారం

వాడు వెనక నుంచి నా చొక్కా లాగుతున్నాడు. ముందుకొచ్చి గడ్డం పట్టుకుని మొహం తిప్పుతున్నాడు. కళ్ళు మూసుకున్నాను. చిన్న వేళ్ళతో నా రెప్పలు విప్పబోయాడు. నన్ను మన్నించరా.

ఏప్రిల్ 20, ఆదివారం

అదే.

మే 4, ఆదివారం

ఇవాళ చొక్కా లాగలేదు. నా దగ్గరికే రాలేదు.

జూన్ 1, ఆదివారం

గోడవైపు తిరిగి కూర్చున్నాను. క్యాలెండర్లో తేదీలు లెక్కపెడుతున్నాను. భుజం మీద అమ్మ చెయ్యి పడింది. గట్టిగా. మళ్ళీ పడింది. తిరిగి చూస్తే అమ్మ కళ్ళనిండా నీళ్ళు, వాణ్ని చూపిస్తోంది. స్నానాల గదిలోంచి జ్యోతి తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చింది. వంటింటి అవతల స్నానాల గది! అంత దూరం వినబడిందన్నమాట.

బాపు అన్నడురా అంది అమ్మ. గొంతు పెట్టి అన్నడు.

ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని గెంతుతున్నారు. నేను కూడా వెళ్ళి పట్టుకున్నాను.

షీట్: బాపు. 1. విన్నది: దేవమ్మ, జ్యోతి.

మూడో గడిలో ఇంకా జాగా ఉంది. ఏమీ రాయలేదు.

జూన్ 12, గురువారం

స్కూల్లో చేర్చాం. పట్టణం స్కూలు కాదు, మా ఊరిదే. నీ పేరేంటని టీచరు అడిగితే వాడు తిత్తిక్ అన్నాడట. జ్యోతి గర్వంగా వచ్చి చెప్పింది.

ఆగస్టు 3, ఆదివారం

చెవి మిషన్ వచ్చింది. పెట్టుకోగానే అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. స్టీలు గిన్నెలు, రోడ్డు మీద హారన్లు, కుక్క. నోళ్ళలోంచి వచ్చేవి కూడా వచ్చాయి, కానీ అన్నీ ఒకే రేకు సప్పుడు. వాణ్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మాట్లాడమన్నాను. కళ్ళు మూసుకున్నాను. వాడు చాలా చెప్పాడు. ఫ్యాను ఏదో, వాడేదో విడదీయలేకపోయాను. డాక్టరు ముందే చెప్పాడు. చెప్పాడు కదా అని ఆశ పోతుందా.

సెప్టెంబర్ 24, బుధవారం

బతుకమ్మ ఆటకి అమ్మ వాణ్ని తీసుకెళ్ళింది. ఆడవాళ్ళు చుట్టూ తిరుగుతూ పాడుతుంటే ప్రతి చరణం చివర తిరిగొచ్చే ఒక్క మాట ఉంటుంది కదా, అది వాడు పట్టుకున్నాడు. చేతులు తడుతూ, ఆ మాట దగ్గరికి రాగానే తలెత్తి అంటున్నాడు. నేను మిషన్ తీసి జేబులో పెట్టుకుని అవతల గట్టు మీద నిలబడి చూశాను. ఒక్కసారి కూడా తప్పలేదు. దవడ, పెదవి, నాలుక, మూడూ సరిగ్గా కలుస్తున్నాయి. సెట్టర్‌ని కదా, ఆ మాత్రం కనబడుతుంది.

పక్కింటి పుష్ప వచ్చి ఏదో అంది. మళ్ళీ చెప్పించుకున్నాను. మీవోని గొంతు గంట లెక్కుందన్నా అంది.

అక్టోబర్ 18, శనివారం

ఈ మధ్య ఒకటి గమనిస్తున్నాను. వాడు జ్యోతితో మాట్లాడేటప్పుడు గొంతు మీద చిన్న నరం కదులుతుంది. అమ్మతో కూడా. నా వైపు తిరగ్గానే ఆ నరం ఆగిపోతుంది. పెదాలు మాత్రం నెమ్మదిగా, పెద్దగా కదుపుతాడు.

మళ్ళీ పాత అలవాటు వచ్చిందేమోనని భయపడి మేడమ్ దగ్గరికి పరుగెత్తాను. ఆమె వాడితో అరగంట ఆడి, బయటికొచ్చి, అలవాటు కాదండీ అంది. కళ్ళద్దాలు తుడుచుకుంటూ, వాడినే అడగండి అంది.

ఇంటికొచ్చి వాడినే అడిగాను. నాతో గొంతు ఎందుకు పెట్టవురా అని. వాడు నా మొహం రెండు చేతులతో పట్టుకుని తన వైపు తిప్పుకుని, ఒక్కొక్క మాటా విడదీసి, హరినాథ్ కంటే చక్కగా చెప్పాడు.

నీకు ఇనవడదు గదా, బాపు.

అక్టోబర్ 19, ఆదివారం

జ్యోతిని అడిగాను. వాడి గొంతు ఎట్లుంటుంది?

తోముతున్న పప్పు గిన్నె పక్కన పెట్టింది. తర్వాత నా ముందుకొచ్చి నిలబడింది. పెండ్లయిన కొత్తల నువ్వు ఫోన్ల మాట్లాడుతుంటివి సూడు, గట్లనే ఉంటది అంది. నీ గొంతే వచ్చింది వానికి.

నవంబర్ 2, ఆదివారం

వాడికి చెప్పాను. నాకోసం కూడా గొంతు పెట్టు అని. ఎందుకు అన్నట్టు చూశాడు. వాడి మెడ మీద చెయ్యి పెట్టాను, ప్రెస్సు మీద పెట్టినట్టు.

శబ్దం: బాపు.
ఎన్నిసార్లు: లెక్కపెట్టలేదు.
ఎవరు విన్నారు: నా కుడిచెయ్యి.